ఆర్వో ప్లాంటు పెట్టాక ఊరికి ఏం మారింది? గ్రాంటు ప్రాజెక్టు ఫలితాన్ని కొలిచే పద్ధతి, పడమటి ప్రకాశం ఉదాహరణతో

గ్రాంటు ముగిశాక దాతకు వెళ్లే నివేదికలో "ఆరు గ్రామాల్లో ఆరు ఆర్వో ప్లాంట్లు, లబ్ధిదారులు 9,400 మంది" అనే తరహా వాక్యం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. ఆ 9,400 ఎక్కడిదని ఆరా తీస్తే ఆరు ఊళ్ల జనాభా కూడి రాసినదని తేలుతుంది. ఊళ్లో ప్లాంటు ఉంటే ఊరంతా ఆ నీళ్లు తాగుతున్నట్టు కాదు. తాగుతున్నా, అన్నం, పప్పు, టీ బోరు నీళ్లతోనే చేస్తుంటే ఒంట్లోకి ఫ్లోరైడు వెళ్తూనే ఉంటుంది. కాబట్టి కొలవాల్సింది కట్టిన షెడ్డును కాదు, నోటిదాకా చేరిన నీటిని. ఈ పద్ధతంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. బడి, పాడి, చెక్‌డ్యామ్ ప్రాజెక్టులకూ ఇవే మెట్లు పనికొస్తాయి. కొలిచే వస్తువు మాత్రం మారుతుంది.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతానికి ఈ గొడవ కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఒంట్లోకి ఫ్లోరైడు ఎక్కువగా వెళ్లి పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బును) వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు కనిగిరి, పొదిలి నెల్లూరులోనే ఉండేవి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చు. మీ లెక్కల్లో ఏ గీతను వాడుతున్నారో మొదటి రోజే రాసుకోండి. మొదటి సర్వేలో 1 వాడి, చివర్లో 1.5 వాడితే ఏమీ చేయకుండానే ఫలితం వచ్చేస్తుంది.

1. గ్రాంటు గడువులో ఏది మారగలదో ముందు తేల్చుకోండి

ఒక పెద్ద కాగితం మీద గొలుసు గీయండి: ప్లాంటు నడిచింది, నీళ్లు అమ్ముడుపోయాయి, ఇంటి బిందెలోకి చేరాయి, తాగడానికీ వంటకూ వాడారు, పిల్లల మూత్రంలో ఫ్లోరైడు తగ్గింది, పళ్లకు మచ్చలు రాలేదు, నడుములు వంగలేదు. ఒక్కో మెట్టు కింద అది మారడానికి పట్టే కాలం రాయండి.

చాలా ప్రతిపాదనలు ఇక్కడే బోల్తా పడతాయి. రెండేళ్ల గ్రాంటుకు "దంత ఫ్లోరోసిస్ 30 శాతం తగ్గిస్తాం" అని రాస్తారు. జ్ఞానదంతాలను పక్కన పెడితే, శాశ్వత దంతాల పైపూత సుమారు ఎనిమిదేళ్ల వయసుకల్లా తయారైపోతుంది. పన్నెండేళ్ల పిల్లవాడి పంటి మీది గోధుమరంగు గీత వాడు చిన్నప్పుడు తాగిన నీటి గుర్తు. మీ ప్లాంటు దాన్ని చెరపలేదు. ఈ ఏడు పుట్టిన బిడ్డకు శాశ్వతమైన ముందు పళ్లు వచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. అంటే దంతాల లెక్క మీ తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది, మీ నివేదికకు కాదు. ఎముకల సంగతి ఇంకా దూరం.

మూత్రంలో ఫ్లోరైడు మాత్రం నీళ్లు మారిన కొన్ని వారాలకే కదలడం మొదలవుతుంది. పెద్దవాళ్లలో ఎముకల్లో పేరుకున్నది మెల్లగా బయటికొస్తూ ఉంటుంది కాబట్టి తగ్గుదల నెమ్మది. బడి పిల్లల్లో త్వరగా కనిపిస్తుంది. రెండేళ్ల గ్రాంటుకు సరిపోయే కొలతలు నాలుగు: ప్లాంటు నడిచిన రోజులు, ప్లాంటు నీటిలో ఫ్లోరైడు, తాగడానికీ వంటకూ ఆ నీళ్లే వాడుతున్న ఇళ్ల శాతం, వీలైతే పిల్లల మూత్రంలో ఫ్లోరైడు. ఈ నాలుగూ చాలు. నలభై సూచికలు పెట్టుకున్న సంస్థ ఒక్కదాన్నీ సరిగ్గా కొలవదు.

2. ప్లాంటు రాని ఊళ్లనూ కొలవండి

మీ ఊళ్లలో ముందూ వెనకా కొలిచి, తేడా అంతా మీ ఖాతాలో వేసుకోలేరు. ఆ రెండేళ్లలో జల్ జీవన్ కుళాయి రావచ్చు, సాగర్ నీళ్లు ఇంకో మండలానికి చేరవచ్చు, ప్రైవేటు ఆటోవాడు క్యాన్లు వేయడం మొదలుపెట్టవచ్చు, మంచి వానలు పడి భూగర్భ జలం గుణమే మారవచ్చు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒక్కసారి తీసిన శాంపిల్‌లో అంకె ఎక్కువొచ్చిందని ఆ ఊరిని ఎంచుకుంటే, మీరేం చేయకపోయినా రెండోసారి అంకె కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. అందుకే ఊరిని ఎంపిక చేసేముందు కనీసం రెండు వేర్వేరు నెలల్లో శాంపిల్ తీయండి.

పోలిక ఊళ్లను ఎంచేటప్పుడు బోరు నీటిలో ఫ్లోరైడు, ఇళ్ల సంఖ్య, మండల కేంద్రానికి దూరం, కుళాయి ఉందా లేదా అన్న నాలుగూ దగ్గరగా ఉండేలా చూడండి. ఆనుకుని ఉన్న పక్క ఊరు వద్దు. వాళ్లు మోటారు సైకిల్ మీద వచ్చి మీ ప్లాంటు నుంచే క్యాన్లు పట్టుకెళ్తారు.

"ఏమీ ఇవ్వకుండా సర్వే చేస్తే ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా?" అనేది న్యాయమైన ప్రశ్న. మంచి దారి ఏమిటంటే, అర్హత ఉన్న ఊళ్లన్నిటి జాబితా తయారు చేసి, సర్పంచుల ఎదుట చీటీలు తీసి, సగం ఊళ్లకు మొదటి విడత, సగానికి రెండో విడత ప్లాంట్లు ఇవ్వడం. రెండో విడత ఊళ్లు అప్పటిదాకా పోలిక ఊళ్లుగా నిలుస్తాయి. చీటీ తీయడం వల్ల "మావాళ్ల ఊరికే ఇచ్చారు" అనే మాటా ఉండదు, లెక్కకు బలమూ వస్తుంది. రెండో విడతకు డబ్బు ఖాయంగా ఉంటేనే ఈ మాట ఇవ్వండి.

3. ఎన్ని ఇళ్లు?

మంచి నీళ్లు వాడే ఇళ్లు ప్లాంటు ఊళ్లలో 60 శాతానికి చేరి, పోలిక ఊళ్లలో 40 దగ్గర ఉంటాయని మీ అంచనా అనుకుందాం. ఈ తేడాను మామూలుగా వాడే కొలబద్దలతో (95 శాతం నమ్మకం, తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం 80 శాతం) గుర్తించాలంటే ఒక్కో వైపు సుమారు 95 ఇళ్లు కావాలి. అయితే ఒకే ఊళ్లో ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి: ప్లాంటు మూలపడితే అందరికీ మూలపడుతుంది. ఆ పోలికను కొలిచే ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్ అనే సంఖ్యను 0.05 అనుకుని, ఊరికి 20 ఇళ్ల చొప్పున తీసుకుంటే 95ను 1.95తో గుణించాలి. అంటే ఒక్కో వైపు సుమారు 185; ఒక్కో వైపు పది ఊళ్లు, ఊరికి 20 ఇళ్లతో సరిపోతుంది. అదే ఒక్కో వైపు ఆరు ఊళ్లే ఉంటే ఊరికి 70కి పైగా, ఒక్కో వైపు మొత్తం 420 దాటి ఇళ్లు తిరగాలి. ఊళ్లు ఎక్కువ, ఊరికి ఇళ్లు తక్కువ అన్నదే పొదుపైన లెక్క. ఇళ్లు మూసి ఉండటం, ఊరు విడిచిపోవడం ఉంటాయి కాబట్టి పై అంకెకు పది శాతం కలపండి.

ఇళ్ల జాబితా అంగన్‌వాడీ సర్వే రిజిస్టరులో దొరుకుతుంది. దానితో ఊరు ఒక చుట్టు తిరిగి, చివర ఉన్న ఎస్సీ కాలనీ, చెరువు కట్ట కింది యానాదుల గుడిసెలు అందులో ఉన్నాయో లేదో సరిచూడండి. జాబితాలు ఎక్కువగా తప్పేది అక్కడే. 420 ఇళ్లున్న ఊళ్లో 20 కావాలంటే 21 ఇళ్లకొకటి తీసుకోండి. మొదటి ఇల్లు 1 నుంచి 21 లోపు చీటీ తీసి పెట్టుకోండి. రచ్చబండ దగ్గరున్న ఇళ్లతో సరిపెట్టుకుంటే ప్లాంటు పక్కవాళ్లే మీ లెక్కలో ఊరైపోతారు.

4. ఎప్పుడు వెళ్లాలి

మొదటి సర్వే ప్లాంటు పని మొదలుకాక ముందు కావాలి. షెడ్డుకు పునాది తీశాక వెళ్తే జవాబులు మారిపోతాయి. చివరి సర్వే కూడా అదే నెలలో జరగాలి. మే నెల బోరు నీళ్లకూ నవంబరు బోరు నీళ్లకూ పోలిక లేదు.

పడమటి మండలాల నుంచి పనులకు వలసపోయే కుటుంబాలు ఎక్కువ. సంక్రాంతికి వెళ్తే ఊరు నిండుగా ఉంటుంది కానీ అది నిజమైన ఊరు కాదు. మిరపకాయల కోతల రోజుల్లో వెళ్తే సగం ఇళ్లకు తాళాలు. ఆగస్టు, సెప్టెంబరు నెలలు అనువు. తాళం వేసిన ఇంటికి వేర్వేరు పూటల్లో రెండుసార్లు వెళ్లాకే పక్క ఇంటికి మారండి, అలా మారినట్టు రాయండి.

5. నీటి శాంపిల్

ఒక్కో ఊళ్లో మూడు చోట్ల తీయాలి: బోరు, ప్లాంటు నుంచి నీళ్లు పట్టే కుళాయి, ఎంచిన ఇళ్లలో కొన్నింటి బిందె. గాజు సీసా వద్దు, ఫ్లోరైడుకు పాలిథీన్ సీసాయే. పట్టబోయే నీటితోనే సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి, మూత బిగించి, చెరగని సిరాతో ఊరు, చోటు, తేదీ, సమయం రాయండి. ఫ్లోరైడు ఒక్కటే చూడాలంటే ఏ మందూ కలపనక్కర్లేదు. 28 రోజుల్లోపు పరీక్ష అయితే చాలు. బోరును అయిదు నిమిషాలు నడిపించాకే పట్టండి, లేకపోతే పైపులో నిలవున్న నీరు వస్తుంది.

రంగు చూసి చెప్పే ఫీల్డ్ కిట్లు ఊళ్లను జల్లెడ పట్టడానికి సరిపోతాయి. నివేదికలో వేసే అంకెలకు మాత్రం ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్ కావాలి. పది శాంపిల్స్‌కు ఒకటి చొప్పున అదే నీళ్లు వేరే నంబరు వేసి పంపండి. రెండు అంకెలూ పొంతన లేకుండా వస్తే ఆ విడత మొత్తం మళ్లీ చేయించాల్సిందే.

ప్లాంటు ఆపరేటరు టీడీఎస్ మీటరు చూపించి "చూడండి సార్, 80 ఉంది" అంటాడు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడును కొలవదు, కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అంచనా వేస్తుంది. ప్లాంటులో నీళ్లను వడకట్టే పొర పాడవుతోందని రోజువారీ హెచ్చరికకు అది బాగానే పనికొస్తుంది కానీ, మూడు నెలలకోసారి ల్యాబ్ అంకె లేకుండా నమ్మకూడదు.

6. ఇంట్లో ఏం అడగాలి, ఏం చూడాలి

ఇంటింటి సర్వేకు మీ సంస్థ టీషర్టు వేసుకున్నవాళ్లను పంపకండి. ప్లాంటు ఇచ్చినవాళ్లే వచ్చి "నీళ్లు బాగున్నాయా అమ్మా?" అంటే బాగాలేవని ఎవరూ అనరు. వేరే మండలం నుంచి డిగ్రీ పిల్లల్ని తీసుకుని, రెండు రోజుల శిక్షణ, ఒక రోజు జాబితాలో లేని ఊళ్లో సాధన ఇవ్వండి. ఫారం కోబో టూల్‌బాక్స్ అనే సర్వే యాప్‌లో పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా ఫోనులో నిండుతుంది.

"మీరు ఎప్పుడూ ఫిల్టర్ నీళ్లే తాగుతారా?" అనే ప్రశ్న పనికిరాదు. నిన్నటి గురించి, ఒక్కో పని గురించి అడగాలి: "నిన్న అన్నం ఏ నీళ్లతో వండారమ్మా? పప్పు? పొద్దున టీ? బిడ్డ బడికి బాటిల్లో ఏ నీళ్లు పట్టుకెళ్లాడు? చివరి క్యాన్ ఎప్పుడు తెచ్చారు, ఎవరు మోశారు?" ఆఖరి ప్రశ్నను కొట్టేయకండి. ఒంటరిగా ఉండే ముసలామె ఇరవై లీటర్ల క్యాన్ మోయలేదు. నీళ్లు అందని ఇళ్లలో కొన్నింటికి కారణం ధర కాదు, బరువు.

చెప్పింది సరిచూసుకోవడానికి టీడీఎస్ మీటరు ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. బోరు నీళ్లు 1,500, ప్లాంటు నీళ్లు 100 ఉన్న ఊళ్లో మీటరు బిందెలో ముంచితే అవి ఏ నీళ్లో అర నిమిషంలో తేలిపోతుంది. "తాగడానికి గ్లాసెడు నీళ్లు ఇవ్వండి" అని అడిగి అందులో ముంచకండి: వచ్చినవాళ్లకు మన ఇళ్లలో మంచి నీళ్లే ఇస్తారు. అనుమతి అడిగి, పొయ్యి పక్కన వంటకు పెట్టుకున్న బిందెలో ముంచండి. క్యాన్ అరుగు మీద మెరుస్తుంటుంది, పొయ్యి దగ్గరి బిందెలో 1,480 చూపిస్తుంది. మీ ప్రాజెక్టుకు అసలు కబురు ఆ అంకెలో ఉంది. ముంచే ముందూ తర్వాతా మీటరు కడిగి తుడవడం మరిచిపోవద్దు.

సూపర్‌వైజర్ పదింటికి ఒక ఇంటికి మళ్లీ వెళ్లి మూడు ప్రశ్నలు తిరిగి అడగాలి. ఒకే సర్వేయర్ ఫారాలన్నీ ఆరేడు నిమిషాల్లో ముగుస్తున్నాయంటే చెట్టు కింద కూర్చుని నింపుతున్నాడని అర్థం. ఫారంలో మొదలు, ముగింపు సమయాలు దానంతటవే పడేలా పెట్టండి.

7. ప్లాంటు రిజిస్టరు

రోజూ అయిదు గడులు: మీటరు రీడింగ్, అమ్మిన క్యాన్లు, వసూలైన డబ్బు, ఆగిన గంటలు, దానికి కారణం. డబ్బూ క్యాన్లూ మీటరూ పొంతన కుదరకపోతే నెల తిరగకుండా అడగాలి.

లీటర్లు పెరగడం చూసి సంబరపడకండి. అయిదుగురున్న ఇంటికి తాగడానికి మనిషికి మూడు లీటర్లు, వంటకు రెండు మూడు కలిపితే రోజుకు 25 నుంచి 30 లీటర్లు కావాలి. ఒక ఇల్లు రెండు రోజులకొక క్యాన్ తెచ్చుకుంటోందంటే వంట బోరు నీళ్లతోనే అని రిజిస్టరే చెప్తోంది. టీ కొట్లు, పెళ్లిళ్లు, పక్క ఊరి ఆటోలకు పోయే నీళ్లను విడిగా రాయించండి. ఇవి కలిసిపోతే ఊరి జనానికి చేరింది తక్కువైనా ప్లాంటు గొప్పగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

8. మూత్రం, దంతాల పరీక్ష

ఇది సంస్థ సొంతంగా చేసే పని కాదు. మనుషుల నుంచి నమూనాలు తీసే అధ్యయనానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఒంగోలు, నెల్లూరు వైద్య కళాశాలల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాన్ని ప్రాజెక్టు రాసేటప్పుడే కలుపుకోండి. అనుమతికి నెలలు పట్టొచ్చు. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008-09లో మొదలైన తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి, కాబట్టి అక్కడి జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు ఈ పని కొత్తగా ఉండదు. పిల్లలకు తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి, పిల్లల ఇష్టం రెండూ కావాలి. టీ ఎంత తాగుతారో, నల్ల ఉప్పు వాడతారో అడగండి. ఫ్లోరైడు వాటి నుంచి కూడా వస్తుంది. దంతాలను డీన్ సూచికతో (పంటి మచ్చల తీవ్రతను గ్రేడ్లుగా చెప్పే పద్ధతితో) చూస్తే, ఇద్దరు డాక్టర్లు అవే ఇరవై మంది పిల్లల్ని విడివిడిగా చూసి, గ్రేడ్లు ఎంతవరకు కలుస్తున్నాయో ముందు తేల్చుకోవాలి.

ఫలితం ఇంటికి చేర్చడం మీ బాధ్యత. బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 4 మిల్లీగ్రాములు వచ్చిందని తెలిసి ఫైలులో దాచుకోవడం తప్పు. పోలిక ఊళ్లకైనా సరే, పంచాయతీకి రాసి ఇవ్వండి.

9. తేడాల తేడా

ఉదాహరణకు తాగడానికీ వంటకూ ప్లాంటు నీళ్లు లేదా వేరే సురక్షిత నీళ్లు వాడే ఇళ్లు మీ ఊళ్లలో 22 నుంచి 61 శాతానికి చేరాయి, పోలిక ఊళ్లలో 20 నుంచి 38కి చేరాయి అనుకుందాం. మీ ఊళ్లలో పెరుగుదల 39, అక్కడ 18. మీ ప్రాజెక్టు ఖాతాలో వేసుకోదగింది 21 పాయింట్లు మాత్రమే. మిగతా 18 కాలం తెచ్చిన మార్పు. 39 రాస్తే దాత సంతోషించవచ్చు గానీ, రేపు పక్క ఊళ్ల లెక్క తీసిన మనిషి ముందు నిలబడదు. ఊళ్లు కొన్నే కాబట్టి 21 పక్కన దాని పరిధి (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో) కూడా రాయండి. పరిధి 3 నుంచి 39 దాకా ఉంటే ప్రభావం ఉందనొచ్చు, ఎంతో గట్టిగా చెప్పలేమని అర్థం.

తర్వాత ఆ 61ని విప్పండి. కాలనీలో ఎంత, ఊరి నడుమ ఎంత, ప్లాంటుకు అర కిలోమీటరు దాటిన ఇళ్లలో ఎంత? సగటు బాగుండి కాలనీలో 30 దగ్గరే ఆగిపోతే తర్వాత చేయాల్సిన పని అక్కడుంది: రెండో కుళాయి, పది లీటర్ల క్యాన్, ఇంటికి చేర్చే తోపుడు బండి.

10. డబ్బు, నిబంధనలు

కొలతకు ప్రాజెక్టు ఖర్చులో 5 నుంచి 10 శాతం పక్కన పెట్టడం పరిపాటి. మొదటి బడ్జెట్‌లోనే విడి పద్దుగా రాయించండి. చివర్లో మిగిలితే చేద్దామనుకుంటే మిగలదు. విదేశీ విరాళమైతే, ఆ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. సర్వే జీతాలు, నివేదిక ఖర్చు ఏ పద్దులోకొస్తాయో ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధి అయితే 2021 నిబంధనల ప్రకారం, గత మూడేళ్ల సగటున 10 కోట్లు అంతకు మించి సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీ, కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టులకు, అవి పూర్తయి కనీసం ఏడాది గడిచాక స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలి. వచ్చే ఆ సంస్థ మొదట అడిగేది మీ మొదటి సర్వే డేటానే. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన కాపీ ఒకటి, పేర్లున్న జాబితా తాళంలో ఇంకొకటి ఉంచండి.

11. నివేదిక రాసేటప్పుడు

మొదటి పేజీలో గొలుసు మెట్లన్నీ ఒక పట్టికగా వేయండి: అనుకున్నది, వచ్చింది, ఎవరు కొలిచారు, ఏ నెలలో. "9,400 మందిని ఫ్లోరోసిస్ నుంచి కాపాడాం" అనే మాట ఎక్కడా ఉండకూడదు, అది కొలిచినది కాదు. ప్లాంటు ఆగిన రోజులు, పాడైన పొర, దూరంగా మిగిలిపోయిన ఇళ్లు నివేదిక నడుమన చోటు చేసుకోవాలి, అనుబంధంలో కాదు. తర్వాతి గ్రాంటు అడగడానికి మీకున్న బలమైన కారణాలు అవే.

దాత ఒప్పుకుంటే, గ్రాంటు ముగిసిన పన్నెండు నెలలకు ఒక చిన్న తనిఖీకి ఇప్పుడే డబ్బు విడిగా పెట్టించండి: ఊరికి ఒక రోజు, ప్లాంటు నీటి శాంపిల్ ఒకటి, పది ఇళ్లలో పొయ్యి పక్క బిందె, కరెంటు బిల్లు ఎవరి పేరున ఎవరు కడుతున్నారో ఆపరేటరును ఒక్క ప్రశ్న. పొర మార్చడానికి పంచాయతీ ఖాతాలో ఎంత జమైందో పాస్‌బుక్ చూసి రాసుకోండి.